నడిచి తిరిగే ఆడవారికి డైపర్ ప్యాంటు ఎంతవరకు పనికొస్తుంది?

ఒంగోలులో ఏ మెడికల్ షాపుకు వెళ్లి పెద్దవారి డైపర్ ప్యాంటు అడిగినా, కౌంటరు వెనక ఉన్న కుర్రవాడు ముందుగా వేసే ప్రశ్న "మంచం మీదున్న మనిషికా మేడమ్?" అనే. అతని తప్పేమీ లేదు. ఆ సరుకు మంచాన పడిన వారిదనే అభిప్రాయం అమ్మేవారిలోనూ కొనేవారిలోనూ బాగా నాటుకుపోయింది. అయితే దగ్గినా తుమ్మినా చీర తడుస్తుందేమోనని భయపడే ఉద్యోగినికీ, బస్సు దిగి ఇంటి తాళం తీసేలోపే మూత్రం ఆగని షుగరు మనిషికీ, మోకాళ్ల నొప్పులతో రాత్రిపూట మరుగుదొడ్డి దాకా చేరలేని పెద్దావిడకీ కూడా ఏదో ఒక అడ్డు కావాలి. మా ఇంట్లో ఈ మూడు రకాల వాళ్లమూ ఉన్నాం: బడిలో పాఠాలు చెప్పే నేను, మా వదిన, మా అత్తయ్య. అందుకని ఒక్కరి అనుభవం మీద కాకుండా ముగ్గురం వాడి చూసిన తరువాత, వంటి మీదికి మామూలు లోదుస్తులా తొడుక్కునే ప్యాంటు రకం డైపర్ గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. ఫ్రెండ్స్, లిఫ్రీ వంటి పేర్లతో దొరికేవాటిలోనూ, అంతగా పేరులేని వాటిలోనూ తయారీ దాదాపు ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి, ఏ కంపెనీది మేలు అన్నదానికంటే ఏ మనిషికి ఏ రకం సరిపోతుందన్నదే ఇక్కడ ముఖ్యం.

కొనే ముందు మీది ఏ రకం లీకో తెలుసుకోవాలి. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, గట్టిగా నవ్వినప్పుడు, నీళ్ల బిందె ఎత్తినప్పుడు కొద్దికొద్దిగా పడిపోవడం ఒక రకం. మూత్రాశయాన్ని కిందినుంచి మోసే అడుగు కండరాలు కాన్పుల్లో సాగి బలహీనపడడం, మూత్రనాళం చుట్టూ పట్టు తగ్గడం దీనికి మూలం. ముట్టు ఆగిపోయిన తరువాత ఈస్ట్రోజన్ అనే హార్మోను తగ్గడం, బరువు పెరగడం, ఏళ్ల తరబడి ఉన్న దగ్గు, మలబద్ధకం దీన్ని పెంచుతాయి. నాది ఇదే. పడేది తక్కువే అయినా ఎప్పుడు పడుతుందో ముందుగా తెలియదు. రెండో రకంలో ఉన్నట్టుండి ఆపుకోలేనంత ఒత్తిడి వచ్చి, మరుగుదొడ్డి తలుపు దగ్గరికి చేరేలోపే మూత్రం పడిపోతుంది. ఇక్కడ మూత్రాశయం నిండకముందే తనంతట తాను బిగుసుకుంటుంది, పడినప్పుడు ఎక్కువగానే పడుతుంది. మా వదినది ఇది. రెండూ కలిసి ఉన్నవారూ చాలామందే. మూడవది మా అత్తయ్యది. ఆమెకు మూత్రాశయం కంటే కాళ్లే అసలు ఇబ్బంది, లేచి నడిచి చేరుకునేలోపు ఆలస్యమవుతుంది. ఇవి కాక, మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాక నిండి పొర్లినట్టు చుక్కలు చుక్కలుగా కారడం కూడా ఉంటుంది. అది ఏళ్లనాటి షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నవారిలో కనిపించవచ్చు. దానికి డైపర్ కొనే ముందే డాక్టరును కలవాలి.

ఇక సరుకు సంగతి. కొత్త ప్యాంటు ఒకటి తీసుకుని, నడిమిభాగాన్ని కత్తెరతో కోసి విప్పి చూశాను. వంటికి తగిలే పైపొర మెత్తటి, నేయని గుడ్డ. దాని కింద తెల్లటి దూదిలాంటి కలప గుజ్జు, ఆ గుజ్జులో ఉప్పు రవ్వల్లాంటి పలుకులు. ఆ పలుకుల మీద గ్లాసుతో నీళ్లు పోస్తే క్షణాల్లో ఉబ్బి, పారదర్శకమైన జిగురు ముద్దలుగా మారిపోయాయి. వేళ్లతో నొక్కినా నీళ్లు తిరిగి బయటికి రాలేదు. సోడియం పాలీఅక్రిలేట్ అనే ఈ పదార్థమే డైపర్‌కు ప్రాణం. అన్నిటికంటే అడుగున నీరు దాటని పొర, తొడల దగ్గర రెండు వైపులా నిలబడే ఎలాస్టిక్ అంచులు, కొన్నిటిలో తడిస్తే రంగు మారే గీత ఉంటాయి.

నెలసరి ప్యాడ్‌తో సరిపెట్టుకునే వారికి తేడా తెలియాలి. నెలసరి రక్తం చిక్కగా, నెమ్మదిగా, రోజుల మీద వస్తుంది. మొత్తం నెలసరిలో పోయేది సాధారణంగా 80 మిల్లీలీటర్లకు మించదు. నిండిన మూత్రాశయంలో 300 నుంచి 500 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది, అందులో సగం ఒక్కసారిగా వచ్చినా ఆ ప్యాడ్ మీద నిలవకుండా పక్కలకు పారుతుంది, నిలిచినా పైన తడిగానే ఉండి చర్మాన్ని ఒరిపిస్తుంది. దగ్గితే నాలుగు చుక్కలు పడే నాలాంటివారికి నెలసరి ప్యాడ్ ఒక పూటకు గడుస్తుంది. మా వదినకు అది బొత్తిగా పనికిరాదు. మూత్రం కోసమే చేసిన పల్చటి ప్యాడ్లు నాకు అన్నిటికంటే బాగా సరిపోయేవి, కానీ ఒంగోలు మెడికల్ షాపుల్లో అడిగితే చాలాచోట్ల తల అడ్డంగా ఊపుతారు. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవలసి వస్తోంది. నా దృష్టిలో మన ఊళ్ల మార్కెట్టులో ఇదే పెద్ద లోటు. చుక్కలు పడే మనిషి చేతికి, మరో మార్గం లేక, 300 మిల్లీలీటర్లు పట్టే ప్యాంటు అంటగట్టినట్టవుతోంది.

సైజు విషయంలో ప్యాకెట్ మీద ఉండే కొలత సాధారణంగా నడుముది. మన ఆడవారిలో నడుముకూ తుంటికీ తేడా ఎక్కువ. కాన్పులైన ఒంటికి మరీ ఎక్కువ. నడుము కొలత ప్రకారం మీడియం తీసుకుంటే తొడల దగ్గర ఎలాస్టిక్ కోసుకుపోయి ఎర్రటి గాట్లు పడ్డాయి. లార్జ్ తీసుకుంటే తొడల దగ్గర హాయిగా ఉంది కానీ పక్కకు తిరిగి పడుకున్నప్పుడు అంచు నుంచి కారింది. టేపుతో నడుము, తుంటి రెండూ కొలుచుకుని, రెండింటిలో పెద్దదాన్ని బట్టి ఎంచుకోవడం, మొదట పెద్ద ప్యాకెట్టు కొనకుండా చిన్న ప్యాకెట్టుతో చూసుకోవడం మేలు. తొడుక్కున్న తరువాత తొడల దగ్గరి అంచులు లోపలికి మడత పడకుండా వేలితో బయటికి లాగి సరిచేయాలి. చాలా లీకులకు కారణం ఈ మడతే.

ప్రయాణంలో ప్యాంటు చేసే మేలు నిజంగా గొప్పది. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలై ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో కూడా ఆడవారికి ప్రయాణం ఉచితమయ్యాక, మా వదిన నెల్లూరులోని కూతురింటికి వెళ్లాలని ఎంత ఆశపడినా, ఒంగోలు నుంచి సింగరాయకొండ, కావలి మీదుగా 120 కిలోమీటర్లకు పైగా సాగే ఆ ప్రయాణంలో మధ్యలో బస్సు ఆపమని అడగలేక మానుకుంటూ వచ్చింది. ప్యాంటు తొడిగి పంపిస్తామంటే మొదట ఒప్పుకోలేదు. "ఏందమ్మాయ్, చంటిబిడ్డకు మల్లే నాకిది తొడుగుతావా?" అని కోప్పడింది. పైన లంగా, చీర కట్టుకుని అద్దంలో చూసుకుని, ఏమీ కనిపించడం లేదని నమ్మకం కుదిరాక బయలుదేరింది. నెల్లూరు చేరి ఫోను చేసి, "కావలి దాటినాక ఒకసారి పడింది, అయినా పక్కన కూర్చున్నామెకు కూడా తెలియలేదు" అని చెప్పింది. అంతకుముందు ప్రయాణం ఉన్న రోజు పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. ఆ రోజు నీళ్ల సీసా వెంట తీసుకెళ్లింది. నా లెక్కలో ఈ సరుకు సాధించిన అసలు విజయం అదే, ఎందుకంటే నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని మరింత రేపుతుంది, ఇన్ఫెక్షన్లకూ దారి తీస్తుంది, 40 డిగ్రీలు దాటే మన ఎండల్లో అసలుకే మోసం వస్తుంది.

రోజూ పగలంతా తొడుక్కుని తిరగడానికి మాత్రం దీన్ని నేను సిఫారసు చేయను. మే నెల ఉక్కలో నీరు దాటని ఆ పొర చెమటను కూడా దాటనివ్వదు. మధ్యాహ్నానికి గజ్జల్లో మంట, సాయంత్రానికి దద్దుర్లు. పొగాకు గ్రేడింగుకు వెళ్లే మా వీధి ఆవిడ ఒకామె, ఆకు ఆరబెట్టే బేరన్ల పక్కన షెడ్డులో పొద్దంతా కింద కూర్చుని ఆకు వేరుచేసే పనిలో, లేచి వెళ్లడానికి సరైన మరుగుదొడ్డి లేక దీన్ని తొడుక్కుంది. కింద కూర్చుంటే బరువంతా ప్యాడ్ మీద పడి తొడల పక్కనుంచి కారిందనీ, వేడికి చర్మం చెడిందనీ చెప్పింది. కూర్చుని చేసే పనికీ వరి నాట్లకూ మారుస్తూ వాడుకునే ప్యాడ్లు, మధ్యలో రెండుసార్లు లేచి వెళ్లే వీలు ఎక్కువ మేలు చేస్తాయి. ప్యాకెట్ మీద ఎన్ని గంటలని రాసి ఉన్నా, ఆ గంటలు పట్టే సామర్థ్యానికే గాని చర్మానికి కాదు. తడిసిన తరువాత వీలైనంత త్వరగా మార్చాలి. మార్చిన ప్రతిసారీ మామూలు నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది ఆరబెట్టి, జింకు ఆక్సైడు ఉన్న క్రీమును పల్చగా రాసుకోవాలి. మందంగా రాస్తే పైపొర రంధ్రాలు మూసుకుపోయి పీల్చుకోవడం తగ్గుతుంది.

అత్తయ్యకు రాత్రిపూట ఇది బాగా పనికొచ్చింది. పరుపు తడవలేదు, అర్ధరాత్రి చీకట్లో హడావిడిగా లేచి పడిపోతుందన్న భయం తగ్గింది. అయినా ఆమె మంచం పక్కన ఒక కమోడ్ కుర్చీ వేసిన తరువాత చాలా రాత్రులు ప్యాంటు పొడిగానే ఉంటోంది. డాక్టరు చెప్పిన ఇంకో చిన్న సలహా కూడా పని చేసింది: సాయంత్రానికి పాదాలు వాచేవారు మధ్యాహ్నం కాసేపు కాళ్లు ఎత్తుగా పెట్టుకుని పడుకుంటే, కాళ్లలో చేరిన నీరు పగలే మూత్రంగా పోయి రాత్రి లేవడం తగ్గుతుంది. అన్నిటికీ డైపరే సమాధానమని అనుకుంటే ఇవేవీ మనకు తోచవు.

ఖర్చు తక్కువేమీ కాదు. ఒక ప్యాంటు సుమారు 35 నుంచి 45 రూపాయల మధ్య పడింది. రోజుకు రెండు చొప్పున వాడితే నెలకు 2,000 రూపాయలు సులువుగా దాటుతుంది. కూలికి వెళ్లే ఇంట్లో ఇది మోయలేని భారం. అలాంటివారికి ఉతికి వాడుకునే, లోపల పీల్చే పొర ఉన్న ప్యాడ్లో, శుభ్రంగా ఉతికి ఎండలో ఆరేసిన నూలు గుడ్డ మడతలో దగ్గు, తుమ్ము రకానికి సరిపోతాయి. పాత చీర గుడ్డను చిన్నచూపు చూడనక్కర్లేదు. నీడన దాచి ఆరేయడం, తడిగానే మళ్లీ వాడడం మాత్రం ప్రమాదం.

అమ్మే తీరు గురించి కూడా చెప్పాలి. పేరు రాయదలచుకోని ఒక షాపులో, నలుగురు మగవాళ్లు నిలబడి ఉండగా కౌంటరు నుంచి లోపలికి "లేడీసుకు డైపర్ ఎక్స్‌ఎల్ ఉందా చూడండ్రా" అని గట్టిగా కేకవేశారు. ఆ రోజు నా వెనక నిలబడిన ఒకావిడ తనకు కావలసినది అడగకుండానే వెళ్లిపోవడం చూశాను. సైజూ రకమూ చీటీ మీద రాసి ఇస్తే తీసి ఇవ్వడం, నల్ల కవరులో కాకపోయినా కనీసం కాగితంలో చుట్టి ఇవ్వడం ఏ షాపువారికీ కష్టం కాదు. ఆడవారే నడిపే ఇంకో చిన్న షాపులో "ఎవరికమ్మా, ఎంత పడుతుంది, రాత్రికా పగలుకా?" అని మెల్లగా అడిగి, ఒక విడి ప్యాంటు ఇచ్చి, "ముందు ఇది తొడిగి చూడండి, సరిపోతేనే ప్యాకెట్టు తీసుకోండి" అన్నారు. మళ్లీ మళ్లీ అక్కడికే వెళ్తున్నాను.

పారవేయడం ఎలాగన్నది ప్యాకెట్ వెనక సన్న అక్షరాల్లో మాత్రమే ఉంటుంది. 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నిబంధనల్లో, నెలసరి ప్యాడ్లు, డైపర్లు తయారుచేసేవారు పారవేసేందుకు చుట్టే కవరు కూడా ఇవ్వాలని ఉండేది. నేను కొన్న ప్యాకెట్లలో కొన్నిటిలోనే అది ఉంది. లేకపోతే కాగితంలో గట్టిగా చుట్టి, చెత్తబండి వారికి తడి చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వాలి. మరుగుదొడ్డిలో వేస్తే ఆ జిగురు గొట్టంలో ఉబ్బి మొత్తం మూసేస్తుంది. పెరట్లో కాల్చడం కూడా తగదు, పొరల్లో ప్లాస్టిక్కు ఉంటుంది.

ప్యాకెట్ మీద లేని అతి ముఖ్యమైన మాట ఏమిటంటే, ఈ ఇబ్బందిలో చాలాభాగం నయం చేసుకోదగినదే. వయసు వస్తే ఆడవారికి ఇది మామూలే అని మన ఇళ్లలో అనుకుని ఊరుకోవడం వల్ల, చాలామంది చికిత్స దాకా వెళ్లకుండా డైపర్ దగ్గరే ఆగిపోతున్నారు. దగ్గు, తుమ్ము రకానికి అడుగు కండరాల వ్యాయామం అన్నిటికంటే ముందు చేయవలసిన చికిత్స. అమెరికా స్త్రీల వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో వివరించడం వల్ల దానికి ఆయన పేరే నిలిచిపోయింది. గ్యాసు పోకుండా ఆపుకునేటప్పుడు ఏ కండరాన్ని లోపలికి, పైకి లాగుతామో దాన్నే బిగించి, కొన్ని సెకన్లు నిలిపి, పూర్తిగా వదలాలి. పొట్ట, తొడలు, పిరుదులు బిగించకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. విడతకు కనీసం 8 సార్లు, రోజుకు మూడు విడతలు, కనీసం మూడు నెలలు విడవకుండా చేయాలి. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయడం మంచిది కాదు. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2018లో వెలువరించిన సమీక్షలో, ఈ రకం లీకు ఉండి వ్యాయామం చేసిన ఆడవారిలో 56 శాతం మంది నయమైందని చెప్పగా, చేయనివారిలో 6 శాతం మందే అలా చెప్పారు. నాకు ఫిజియోథెరపిస్టు నేర్పిన చిట్కా, దగ్గు రాబోతోందనగా ముందే ఆ కండరాన్ని బిగించి పట్టుకోవడం. బడిలో నల్లబల్ల తుడిచేటప్పుడు సుద్దపొడికి తుమ్ము వచ్చే క్షణంలో ఇప్పుడు అది అలవాటుగా జరిగిపోతోంది, ప్యాడ్ లేకుండానే చాలా రోజులు గడుస్తున్నాయి.

వదినకు డాక్టరు ముందు మూడు రోజుల లెక్క రాయమన్నారు: ఎన్ని గంటలకు ఏమి తాగింది, ఎన్ని గంటలకు మూత్రం పోసింది, ఎప్పుడు పడిపోయింది. ఆ కాగితం చూశాక తేలిందేమిటంటే, టీ తాగిన గంటలోపు ఎక్కువగా ఆగడం లేదు, పైగా షుగరు అదుపులో లేదు. రక్తంలో షుగరు పెరిగితే మూత్రమూ పెరుగుతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి షుగరు మాత్రలు షుగరును మూత్రం ద్వారానే పంపిస్తాయి కనుక అవి వాడేవారు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి, సొంతంగా మానేయకూడదు. బి.పి.కి వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్ వల్ల వచ్చే పొడిదగ్గు కూడా లీకును పెంచుతుంది. అదీ చెప్పవలసిన విషయమే. మూత్ర పరీక్ష, మూత్రం పోసిన తరువాత లోపల ఎంత మిగిలిందో చూసే స్కానింగు చేశారు. టీ తగ్గించి, ఒత్తిడి రాగానే పరుగెత్తకుండా కండరం బిగించి నిలబడి, రెండుసార్ల మధ్య వ్యవధిని కొద్దికొద్దిగా పెంచే శిక్షణ కనీసం ఆరు వారాలు చేయమన్నారు. అది చాలకపోతే సోలిఫెనాసిన్, మిరాబెగ్రాన్ వంటి మాత్రలు ఉన్నాయి. మొదటిదానితో నోరు ఎండడం, మలబద్ధకం రావచ్చు, రెండవది బి.పి.ని పెంచగలదు. అందుకే వీటిని డైపర్‌లా కౌంటరు మీద అడిగి కొనుక్కోకూడదు. దగ్గు, తుమ్ము రకానికి శస్త్రచికిత్స కూడా ఉంది. అందులో కొన్నిసార్లు వాడే కృత్రిమ జాలీ వల్ల కొందరికి వచ్చిన ఇబ్బందుల కారణంగా ఇంగ్లండులో 2018లో ఆ జాలీ వాడకాన్ని నిలిపివేశారు కనుక, ఎవరైనా ఆపరేషను చెబితే జాలీతోనా, సొంత కణజాలంతోనా అని అడిగి, రెండింటి మంచి చెడ్డలు తెలుసుకుని ఒప్పుకోవాలి.

మూత్రంలో రక్తం, మంట, జ్వరం, ఎప్పుడూ ఆగకుండా కారుతూనే ఉండడం, ముఖ్యంగా కష్టమైన కాన్పు లేదా గర్భసంచి ఆపరేషను తరువాత అలా మొదలవడం, యోని దగ్గర ఏదో జారి బయటికి వచ్చినట్టుండడం ఉంటే డైపర్‌తో కప్పిపుచ్చకూడదు. ఉన్నట్టుండి కాళ్లలో బలహీనత, కూర్చునే చోట తిమ్మిరితో పాటు మూత్రం మీద అదుపు పోతే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. డబ్బు లేదని ఆగవలసిన పని లేదు. ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో స్త్రీల విభాగం ఉంది. అక్కడ "మూత్రం ఆగడం లేదు" అన్న ఒక్క మాటతో మొదలుపెడితే చాలు.

మొత్తం మీద నా తీర్పు ఇది. దూరప్రయాణానికీ, పెళ్లి పందిట్లో గంటల తరబడి కూర్చోవలసిన రోజుకూ, నడవలేని పెద్దవారి రాత్రులకూ, ఉన్నట్టుండి ఒత్తిడి వచ్చే రకం ఉండి చికిత్స ఇంకా పట్టుకోని నెలలకూ ప్యాంటు రకం డబ్బుకు తగిన సరుకు. దగ్గు, తుమ్ము రకానికీ, వేసవి పగటి పనికీ, కింద కూర్చుని చేసే కూలికీ దీన్ని కొనవద్దు. పల్చటి మూత్రం ప్యాడు అడగండి, లేదంటే తెప్పించమని షాపువారిని పదేపదే అడగండి. ఒంగోలులో మేము తరచూ వెళ్లే ఆ చిన్న షాపువారు, నలుగురైదుగురం అడిగిన తరువాత, ఇప్పుడు ఒక రకం తెప్పించి కింది అరలో, చేతికి అందే చోట పెట్టారు.